ఊఁ కొట్టే చోటు

సన్నాయి పాటల్లో ప్రతి వరుస చివరా కాస్త ఖాళీ ఉంటుంది. వినేవాళ్ళు అది ఊపిరి తీసుకోవడానికి ఆగడమనుకుంటారు. ఆమెకు ఊపిరికేం కొదవ లేదు. ఆ ఖాళీ అక్క కోసం.

సన్నాయి అన్న పేరు కూడా అక్క పెట్టిందే. చిన్నప్పుడు ఏం కావాలన్నా సూటిగా అడగకుండా గంటసేపు సన్నాయి నొక్కులు నొక్కేదట. ఆ పేరే ఖాయమైపోయింది. హాజరు పట్టీలో ఉన్న అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవరినబ్బా పిలుస్తున్నారని ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక పెద్ద ఆసుపత్రి కింది అంతస్తులో, బట్టల గదిలో పనిచేసేవారు. ఉతికి వచ్చిన దుప్పట్లలో చిరిగినవి ఏరి, అతుకులు వేసి, మడతపెట్టి పైకి పంపాలి. పక్కపక్కన రెండు కుట్టుమిషన్లు. సన్నాయి కుడుతూ కుడుతూ పాట కట్టేది, కట్టిన వరుస పైకి అని చూసేది. అక్క పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు ఉండేవి కాబట్టి ఆమె అనగలిగిందల్లా "ఊఁ" ఒక్కటే. వరుస బాగుంటే ఊఁ. బాగోలేకపోతే ఊఁ రాదు, సూదులు అలాగే కదలకుండా నిలబడి ఉంటాయి, సన్నాయి ఆ వరుస వదిలేసి ఇంకోటి వెతుక్కునేది. ఏ సంగీతం మాస్టారూ ఆమెను అంత నిర్దాక్షిణ్యంగా దిద్దలేదు. ఆమె అసలు ఏ మాస్టారి దగ్గరా నేర్చుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

అలా కట్టిన పాటల్లో ఒకటి ఇలా మొదలవుతుంది:

పొద్దున్నే బయల్దేరాను -
పొయ్యి కట్టేశానో లేదో -
సగం దారిలో తడుముకుంటే -
తాళం నా దగ్గర లేదు -

నిజం చెప్పాలంటే అది నవ్వులాటకి కట్టిన పాట. తలుపు తాళం వేశానా లేదా అని రోజూ మెట్లన్నీ దిగి మళ్ళీ ఎక్కే మనిషి అక్క. "నా మీదే కట్టావుటే, దొంగమొహమా!" అని నోట్లో సూదులు తీసి మరీ తిట్టింది. తిట్టడం పూర్తయ్యాక సూదులు మళ్ళీ పెట్టుకుని, "ఊఁ" అంది.

వేసవి మొదట్లో అక్క జ్వరమని అదే ఆసుపత్రి మూడో అంతస్తులో చేరింది. పదిహేను రోజులకు పోయింది. ఆమె పడుకున్న దుప్పటి అంచున ఒక అతుకు ఉంది. అడ్డం కుట్టు మీద మళ్ళీ నిలువు కుట్టు, అక్క ఒక్కతే అలా వేస్తుంది. సన్నాయి ఆ అతుకునే చూస్తూ కూర్చుంది. డాక్టరు ఏం చెప్పాడో ఆమెకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఆమెకు ఏమీ కాలేదు. అదే బాధ. ఏడుపు రాలేదు, ఆకలి తెలియలేదు, ఎవరి మీదా కోపం కూడా రాలేదు. పిల్ల రాయిలా అయిపోయిందన్నారు చుట్టాలు. రాయి నయం, ఎండ తగిలితే వేడెక్కుతుంది. ఒకరోజు మిషను సూది వేల్లో దిగితే, వేలిని కాసేపు చూసి, దుప్పటి మీద మరక పడకుండా చెయ్యి పక్కకి జరిపింది. అంతే.

ఒక్క చోట మాత్రం మిగిలింది. ఆ తాళం పాట పాడుకుంటూ వరుస చివర ఆగితే, ఆ ఖాళీలో అక్క ఊఁ అనేది. సూదుల సందుల్లోంచి వచ్చే, కాస్త గాలి కలిసిన ఊఁ. అది వినపడినంతసేపూ తను బతికే ఉన్నానని సన్నాయికి అనిపించేది. అందుకని రోజుకు ముప్ఫైసార్లు అదే పాట పాడుకునేది. గదిలో మిగతావాళ్ళు విసుక్కోలేదు, పాపం.

బావ ఆ ఆసుపత్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒకప్పుడు అక్క బట్టల బండితో సహా రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోతే తలుపు తెరిచింది అతనే. ఆ తలుపు తెరవకపోయి ఉంటే నా బతుకు బాగుండేదని పెళ్ళయ్యాక పదేళ్ళపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఇక మరదల్ని ఏడిపించడం అతనికి రెండో ఉద్యోగం. "ఏమే మరదలా, ఇవాళ కచేరీ లేదా? చెవులు హాయిగా ఉన్నాయి!" అని గుమ్మంలోంచే మొదలుపెట్టేవాడు. అక్క పోయిన మర్నాటి నుంచి అతను సన్నాయిని "అమ్మా" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు విన్నప్పుడే అక్క ఇక లేదని ఆమెకు అర్థమైంది. అర్థమైంది గానీ అది కూడా ఎక్కడా తగల్లేదు.

నాలుగు నెలలకు టీవీ వాళ్ళ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. సొంతంగా రాసుకుని పాడేవాళ్ళ కోసం పోటీ పెడుతున్నారట. ఆమె పాట నచ్చిందట. తనెప్పుడు పంపిందో సన్నాయికి తెలియలేదు. జ్వరం రాకముందు అక్కే తన ఫోనులో తీసి, చెప్పకుండా పంపేసిందట. వెళ్ళనా అని సన్నాయి బావనడిగింది.

అతను చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. "వెళ్ళమ్మా. అది పంపింది కదా," అన్నాడు.

వెళ్ళమన్నారు కాబట్టి వెళ్ళింది. వద్దంటే ఊరుకునేది.

రిహార్సల్ గదిలో వాద్యబృందం పెద్దాయన పాట ఒకసారి విని, ప్రతి వరుస చివరా డోలు వేయించాడు. సన్నాయి పాట ఆపేసింది.

"అక్కడ ఏమీ వద్దండీ."

"ఖాళీగా వదిలేస్తే జనం ఛానెల్ మార్చేస్తారమ్మా," అన్నాడాయన. మంచిమనిషే. "ఇంతకీ అక్కడేముంది?"

"మా అక్క ఊఁ అంటుంది."

ఆ ఒక్క మాటా నోరు జారకుండా ఉండాల్సింది. గది మూలన ఒక అమ్మాయి అట్టకు బిగించిన కాగితాల మీద ఏదో రాసుకుంటోంది. పోటీకి వచ్చినవాళ్ళ బతుకుల్లోంచి కళ్ళు చెమర్చే ముక్కలు ఏరడం ఆమె ఉద్యోగం. అందరూ ఆమెను కథలమ్మాయి అంటారు. చటుక్కున తలెత్తింది.

"మీ అక్కగారు ఇప్పుడు..."

"పోయింది."

కథలమ్మాయి కళ్ళు మెరిశాయి. వెంటనే తడి కూడా అయ్యాయి. రెండూ నిజమే, ఆమెను అనడానికేం లేదు.

ఆ రోజు కెమెరా ముందు సన్నాయిని కూర్చోబెట్టి సూదుల సంగతి, దుప్పటి సంగతి అంతా చెప్పించారు. కందిపప్పు ధర చెప్పినట్టు చెప్పింది. "చివర్లో కాస్త కళ్ళు తుడుచుకుంటే బాగుంటుందక్కా," అంది కథలమ్మాయి మెల్లగా.

"తుడుచుకోవడానికి తడి లేదమ్మా," అంది సన్నాయి.

అది టీవీలో వచ్చాక, ఎంత నిబ్బరం, ఎంత గుండె ధైర్యం అని న్యాయనిర్ణేతలు ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏమీ తెలియకపోవడానికి లోకంలో అంత మంచి పేరుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

రెండో వారం ఆమె పాట మొదలుపెట్టి, మొదటి వరుస చివర ఆగింది. స్టేజీ కింద ఒకతను పెద్ద అట్ట పైకెత్తాడు. దాని మీద "ఊఁ" అని రాసి ఉంది. హాల్లో ఉన్న ఆరువందల మందీ ఒక్కసారిగా "ఊఁ" అన్నారు. సన్నాయి ఉలిక్కిపడబోయి, పడకుండానే రెండో వరుసలోకి వెళ్ళిపోయింది.

ఇక చూడండి. ఆ వారం నుంచి ఊళ్ళో ఊఁ తప్ప ఇంకో మాట లేదు. బస్సులో కండక్టరు టికెట్టు చింపి ఇస్తూ "ఊఁ" అన్నాడు. కూరలమ్మే ఆవిడ తక్కెట్లో వంకాయ వేస్తూ "ఊఁ" అంది. ఎప్పుడూ కింది అంతస్తు మొహం చూడని పెద్ద డాక్టరు పనిగట్టుకుని బట్టల గదికి వచ్చి, "ఊఁ?" అని నవ్వి వెళ్ళాడు. అందరికీ ఆమె మీద ప్రేమే. ఆమె వారం వారం గెలుస్తూ పోయింది. పోటీలో పన్నెండు మంది ఆరుగురయ్యారు, ఆరుగురు ముగ్గురయ్యారు. ఆ పాట మాత్రం వదలనివ్వలేదు. ప్రతివారం వేరే పాట పాడినా, చివర్లో తాళం పాట నాలుగు వరుసలైనా పాడాల్సిందే, జనం ఊఁ అనాల్సిందే.

ఒక సోమవారం పొద్దున బట్టల గదిలో దుప్పటి అంచు మడుస్తూ ఆమె ఎప్పట్లాగే పాట అందుకుంది. పొద్దున్నే బయల్దేరాను, అని ఆగింది. ఊఁ వినబడింది. అక్కది కాదు. ఆరువందల గొంతుల ఊఁ, హాలు గోడలకు తగిలి తిరిగొచ్చిన ఊఁ.

మిషను ఆపి పాడి చూసింది. ఫ్యాను ఆపి చూసింది. స్నానాల గదిలోకి వెళ్ళి పంపు తిప్పి, తలుపు గడియ పెట్టుకుని చూసింది. ఎన్నిసార్లు ఆగినా జనమే. ఉన్నదల్లా ఆ ఒక్క గొంతే, దాన్ని తనే తీసుకెళ్ళి నలుగురి మధ్యా పెట్టి వచ్చింది. అప్పుడు భయమేసింది. ఆర్నెల్ల తర్వాత ఆమెకు తెలిసిన మొదటి సంగతి ఆ భయం. అది కూడా సాయంత్రానికల్లా మొద్దుబారిపోయింది.

చివరి పోటీకి బావను కూడా రమ్మన్నారు. అక్క ఫోటో పట్టుకుని ముందు వరుసలో కూర్చుంటే చాలన్నారు. సన్నాయి ఆ మాట చెబితే, "నాకు డ్యూటీ ఉందమ్మా," అన్నాడు అతను. ఈ పోటీ గురించి అతను ఒక్కరోజు కూడా మాట్లాడలేదు. చూడటం లేదనే ఆమె అనుకుంది. చూడకపోవడమే మంచిదనీ అనుకుంది.

"ఈసారికి ఆ అట్ట ఎత్తకండమ్మా," అని కథలమ్మాయిని అడిగింది.

"అయ్యో, అదేంటక్కా! అదే కదా మీ పాట!" అంది కథలమ్మాయి. ఆమె నిజంగానే నమ్మి అంది.

దీపాలన్నీ వెలిగాయి. అట్ట మనిషి చెయ్యి సిద్ధంగా ఉంది. సన్నాయి "పొద్దున్నే బయల్దేరాను" అంది, ఆగలేదు. అదే ఊపిరిలో "పొయ్యి కట్టేశానో లేదో" అనేసింది. దాని వెంటే మూడోది, దాని వెంటే నాలుగోది, ఎక్కడా సూది దూరేంత సందు ఇవ్వకుండా కుట్టుకుంటూ పోయింది. అట్ట లేచి, దిగి, మళ్ళీ లేచి, ఏం చేయాలో తెలియక గాల్లో ఉండిపోయింది. జనం సగం తెరిచిన నోళ్ళతో కూర్చున్నారు. కొందరు వరుస మధ్యలో ఊఁ అని, నాలిక కరుచుకున్నారు. డోలు రెండుసార్లు తడబడి చేతులెత్తేసింది. నాలుగు నిమిషాల పాట రెండున్నర నిమిషాల్లో అయిపోయింది.

"తాళం తప్పావమ్మా," అన్నాడు పెద్ద న్యాయనిర్ణేత, బాధగానే. "ఇంతదూరం వచ్చి, చివరికి తాళం తప్పితే ఎలా?"

తాళం పోయిందనే కదా పాటంతా. అక్క ఉంటే సూదులు కక్కి మరీ నవ్వేది. ముగ్గురిలో సన్నాయి మూడోదైంది. పూలగుత్తి ఇచ్చారు, కథలమ్మాయి కౌగిలించుకుని ఏడ్చింది. సన్నాయికి మాత్రం ఒక్కటే తెలిసింది. ఆ చోటు మూసేసింది. ఇక దాంట్లోకి ఎవరూ రాలేరు.

రెండు రోజులు సెలవు పెట్టి, మూడో రోజు పనిలోకి వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, బావ సంచీ భుజాన వేసుకుని బట్టల గదిలోకి వచ్చాడు. అక్క మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. దాని మీద ఇన్నాళ్ళూ ఎవరూ కూర్చోలేదు.

"తిన్నావా?"

"తిన్నాను బావా."

అతను సంచీలోంచి స్పానరు తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. "మొన్న నీ పెదాలు ఆగలేదమ్మా," అన్నాడు.

"నువ్వు చూశావా?"

"ప్రతివారం చూశాను. సౌండు తీసేసి."

"సౌండు తీసేసి పాటేం చూస్తావు బావా?"

"జనం అరుస్తారు కదమ్మా. అది నాకు పడలేదు. సౌండు తీసేస్తే నీ మొహం ఒక్కటే ఉంటుంది. పాట నాకు వచ్చు, మీ అక్క ఇంట్లో వంట చేస్తూ రోజూ పాడేదిగా. నీ పెదాలు ఎక్కడాగుతాయో తెలుసు. అవి ఆగినప్పుడు..." సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "అక్కడ అది ఊఁ అనేది. నాకు బాగా వినబడేది. మొన్న కూడా కూర్చున్నాను. ఇప్పుడాగుతాయి, ఇప్పుడాగుతాయి అని చూస్తూనే ఉన్నాను. ఇంతలో పాటయిపోయింది."

మూడో అంతస్తులో ఆగకుండా వెళ్ళిపోయిన లిఫ్టు సంగతి చెప్పినట్టు చెప్పాడు. నిష్ఠూరం ఏమీ లేదు.

సన్నాయి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఆ చోటు తనొక్కదానిదే అనుకుంది. గొళ్ళెం పెట్టేటప్పుడు లోపల ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకోనైనా లేదు.

ఆమె లేచి, మిషను ఆపి, వెలుతురు మొహం మీద పడేలా కిటికీ వైపు తిరిగి నిలబడింది. గొంతు విప్పలేదు. పొద్దున్నే బయల్దేరాను, అంది పెదాలతోనే. ఆగింది.

ఆమెకేమీ వినబడలేదు. జనమూ లేరు, అక్కా లేదు. కానీ బావ తల చిన్నగా ఊపాడు, ఎవరో పక్కనుంచి ఏదో అంటే విన్నట్టు. అతనికి వినబడిందని ఆ మొహం చూస్తేనే తెలిసింది.

పొయ్యి కట్టేశానో లేదో. ఆగింది. సగం దారిలో తడుముకుంటే. ఆగింది. ఆ మూడో ఖాళీలో ఆమెకు ఏడుపొచ్చింది. ఏడు నెలల ఏడుపు, కళ్ళూ ముక్కూ ఏకమై కారిపోయింది. దాన్ని ఆపుకోలేదు. పాటను మాత్రం చివరిదాకా, ఆగాల్సిన ప్రతిచోటా ఆగుతూ పాడింది.

బావ లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఏమే మరదలా," అన్నాడు. "ముక్కు తుడుచుకో. ఉతికిన దుప్పటి అది."