నేనే సేడీని!

సేడీ గిల్లిస్ కొత్త మనిషి కనబడితే అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "మీ నాన్నెవరు?" కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో అది అడగకుండా ఎవరూ ఎవరికీ టీ పొయ్యరు. ఊళ్ళో సగం మంది మెక్‌డొనాల్డులు, మిగతా సగం మెక్‌డొనాల్డులని పెళ్ళాడినవాళ్ళు. అలాంటి చోట మనిషిని ఆనవాలు పట్టాలంటే వేరే దారి లేదు. మిగతావాళ్ళు తండ్రి పేరు వినగానే ఊరుకుంటారు. సేడీ మాత్రం ముత్తాత దాకా తవ్వి, ఆయన ఎవరి మీద అలిగి కొండ అవతల ఇల్లు కట్టుకున్నాడో కూడా చెప్పి గానీ వదలదు. రిటైరయ్యేదాకా పోర్ట్ బెయిన్ పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. ఊరి గుట్టంతా ఆవిడ నోటికి చేరుతుంది, అక్కడ ఎంతోసేపు నిలవదు.

అలాంటి ఆవిడ ఫోన్లోకి 'ఆ పాత రోజులు' అనే పేజీ ఒకటి వచ్చిపడింది. పొద్దున్నే ఒక ప్రశ్న. మీ మొదటి కుక్క పేరేంటి? ఒకటో తరగతిలో మీ టీచరెవరు? మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి? ఊరు ఊరంతా ఎగబడింది. సేడీ తన జవాబులు రాసి ఊరుకోకుండా పక్కవాళ్ళవి కూడా దిద్దేది. 'రోరీ, బ్రాన్ మీ మామయ్య కుక్క. మీది ఫ్లాష్, ఒంటి చెవిది' అని రాసేది. చెల్లెల్ని చూడ్డానికి హాలిఫాక్స్ వెళుతూ, ఎప్పుడు వెళుతోందో, ఎప్పుడొస్తుందో కూడా అందులోనే చాటింపు వేసింది. గడప తొక్కిన ప్రతివాడినీ తండ్రి పేరు అడిగే ఊళ్ళో, ఆ పేజీ నడిపేది ఎవరి కొడుకని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

హాలిఫాక్స్ నుంచి తిరిగొచ్చిన రోజు ఆవిడ ఫోన్ మొరాయించింది. ఎన్నిసార్లు కొట్టినా పాస్‌వర్డ్ తప్పంటుంది. నా వేళ్ళు లావెక్కాయి కాబోలు అనుకుని, పాలు తెచ్చుకుందామని అన్న కూతురు బెర్నడెట్ కొట్టుకి వెళ్ళింది. లోపల బెర్నడెట్, సముద్రంలో లాబ్‌స్టర్లు పట్టే రోరీ, ఇంకో నలుగురూ ఆవిడని చూడగానే మాటలు ఆపేశారు.

"అప్పుడే వచ్చేశావేంటత్తా? హాలిఫాక్స్‌లో పర్సు పోయి ఏడుస్తున్నావుగా!" అంది బెర్నడెట్.

"నా పర్సు నా చంకలోనే ఉందే. ఏమైంది నీకు?"

బెర్నడెట్ తన ఫోన్ తీసి చూపించింది. సేడీ పేరు, సేడీ ఫొటో. కింద ఇలా ఉంది: 'ప్రియమైన బెర్నడెట్, నువ్వే గుర్తొస్తున్నావు. పర్సు పోయింది. ఫోన్ పాడైంది, మాట్లాడటం కుదరదు. దయచేసి గిఫ్ట్ కార్డులు కొని వాటి మీది నంబర్లు పంపు. ఎవరికీ చెప్పకు.'

"ఇది నేను రాయలేదు!"

"తెలుసులే. నువ్వు జన్మలో ఎప్పుడన్నా 'దయచేసి' అన్నావా? పైగా 'ఎవరికీ చెప్పకు' అని నువ్వు!" అంది బెర్నడెట్. కొట్లో ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అదే ఉత్తరం అందరికీ వచ్చింది, పేరొక్కటే తేడా.

"పాస్‌వర్డ్ మర్చిపోయానంటే అది నిన్ను ఏమడుగుతుంది?" అంది బెర్నడెట్. "అమ్మ పుట్టింటి పేరు, మొదటి కుక్క పేరు. అవన్నీ నువ్వు వాడికి పిలిచి మరీ చెప్పావు. వాడు నీ తాళం తీసుకుని లోపలికి పోయి, నిన్ను బయట నిలబెట్టాడు."

"నా కుక్క పరువు తీశావుగా, అనుభవించు," అన్నాడు రోరీ.

సేడీ కూడా నవ్వింది. తన మీద తను నవ్వుకోవడం ఆవిడకి చేతనవును. "పోనీలే, ఎవరూ మోసపోలేదుగా."

బెర్నడెట్ గల్లాపెట్టె వైపు చూస్తూ, "హ్యూయీ మావయ్య నవ్వలేదత్తా," అంది.

హ్యూయీ మెక్‌ఫీ సేడీ పక్కింటాయన. ఆవిడలాగే పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. రోజూ సాయంత్రం ఆవిడ వంటింట్లో కూర్చుని, టీలో ఓట్ బిస్కెట్ ముంచుకు తింటూ, ఆవిడ చెప్పే వంశవృక్షాలన్నీ నోరు మెదపకుండా వింటాడు.

"పొద్దున చర్చికి వేసుకునే కోటేసుకుని వచ్చాడు. గిఫ్ట్ కార్డులిమ్మన్నాడు. ఇది అత్త కాదు మావయ్యా అని చెప్పాను. 'ప్రియమైన హ్యూయీ' అన్న చోట వేలు పెట్టి చూపించి, నీకేం తెలుసన్నాడు. కార్డులు అయిపోయాయని అబద్ధం చెప్తే, టౌనులో కొంటానని బండేసుకుని వెళ్ళాడు."

ఈసారి సేడీకి నవ్వు రాలేదు. దొంగకి కార్డులు పోతే పోయాయి. కానీ హ్యూయీ ఆ 'ప్రియమైన' అన్న మాట నమ్మి బోల్తా పడ్డాడని ఊరంతా నవ్వితే ఆ సిగ్గరి మనిషి మళ్ళీ తన వంటింటి గుమ్మం ఎక్కడు. ఆ కుర్చీ ఖాళీగా ఉండటం ఆవిడ తలుచుకోలేకపోయింది. కొట్టు ఫోన్ లాక్కుని ఆయనకి చేసింది. అవతలివాళ్ళ మాట కొట్టంతా వినిపించే పాత ఫోన్ అది.

"హ్యూయీ! నేను సేడీని. కార్డులు కొనకు!"

"ఎవరండీ మీరు?"

"సేడీనయ్యా! చెవుడొచ్చిందా?"

"సేడీ ఫోన్ పాడైంది. మీరు దొంగలు. గొంతులు కూడా నకిలీ చేస్తారని లైబ్రరీలో పెట్టిన ఫోన్ మోసాల క్లాసులో చెప్పారు."

"మావయ్యా, నిజంగా అత్తే! నా కొట్లోనే ఉంది," అని అరిచింది బెర్నడెట్.

"ఓహో, బెర్నడెట్ గొంతు కూడా చేశారన్నమాట! కొట్టు నంబరూ దించేశారు. గట్టివాళ్ళే."

సేడీ తల పట్టుకుంది. "సరే, ఏదన్నా అడుగు. మా అమ్మ పుట్టింటివాళ్ళు బీటన్లు. మా కుక్క పేరు స్కిప్పర్."

"అవన్నీ ఆ పేజీలో ఉన్నాయి. మా అమ్మమ్మ పెట్టుడు పళ్ళ సంగతి కూడా ఉంది. ఆ సేడీ మహాతల్లి లోకానికి చెప్పకుండా ఏం మిగిల్చిందని!"

కొట్లో నవ్వు ఆపుకోలేక రోరీ రొట్టెల బీరువా వెనక్కి పోయాడు.

"ఆ మెసేజ్‌ని ఇన్ని ప్రశ్నలు అడగలేదేం మరి?" అంది సేడీ.

"అడగబుద్ధి కాలేదు," అన్నాడు హ్యూయీ. "సరే, ఒకటి అడుగుతాను. ఇది ఏ పేజీలోనూ లేదు. మా కుర్రతనంలో, చర్చి హాల్లో డ్యాన్సు అయ్యాక, ఐసు గిడ్డంగి వెనకాల నేను సేడీని ఏమడిగాను?"

కొట్లో అందరూ ఫోన్ దగ్గరికి జరిగారు. సేడీ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరికీ చెప్పని మాట ఏదైనా ఉంటే అదొక్కటే. చెబితే ఊరంతా వింటుంది. చెప్పకపోతే ఆయన కార్డులు కొనడానికి టౌను దుకాణంలోకి పోతాడు.

"ఏమీ అడగలేదు," అంది. "నా కోటు పట్టుకుని నిలబడ్డావు. ఎరకి వేసే చేపల ధర గురించి అరగంట చెప్పావు. నాకు చలేసి చచ్చిపోతున్నా కోటు అడగలేదు, నువ్వు ఇంకేదో చెప్తావేమోనని. తర్వాత గుడ్ నైట్ అని వెళ్ళిపోయావు."

"నువ్వే సేడీవి," అన్నాడు హ్యూయీ మెల్లిగా. ఆ వెంటనే ఆయన గొంతు దిగిపోయింది. "అయితే 'ప్రియమైన' అన్నది నువ్వు కాదన్నమాట."

"కాదు."

"అంతేలే. ముసలాడికి బుద్ధి లేదు."

"నీకు బుద్ధి లేకపోవడమేంటి హ్యూయీ! ఆ మాట ముక్కూమొహం తెలీని దొంగ రాయాల్సొచ్చిందే అని నాకు ఏడుపొస్తోంది. నేను రాయాల్సింది."

"ఆ రోజు నేను అడిగుంటే ఏమనేదానివి?"

సేడీ తలెత్తి చూసింది. కొట్లో ఒక్కడు కూడా సరుకులు చూస్తున్నట్టు నటించడం లేదు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "అందరూ బయటికి నడవండి," అంది.

"ఇది నా కొట్టు!" అంది బెర్నడెట్.

"నువ్వు ముందు నడువు."

తలుపు వేసుకున్నాక సేడీ చెయ్యి తీసింది. "అవుననేదాన్ని. ఇప్పుడూ అదే అంటాను. బండి వెనక్కి తిప్పు."

మధ్యాహ్నం బెర్నడెట్ ఆవిడని కొట్లోనే కూర్చోబెట్టి ఖాతా దొంగతనం సంగతి రిపోర్టు చేసి, బ్యాంకుకి చెప్పించి, పాస్‌వర్డులన్నీ మార్పించింది. ఎవరు లోపలికి రాబోయినా ముందు ఫోన్‌కి నంబరు వచ్చేలా రెండో తాళం కూడా వేసింది. మొదటి కుక్క పేరు దగ్గర, "ఈసారి అబద్ధం రాయత్తా," అంది.

"మిషన్‌కి అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పు. అది నిన్ను పాపం ఒప్పుకోమని చర్చికి పిలవదు."

సేడీ ఆ కుక్కకి ఓ బిషప్ గారి పేరు పెట్టి, చిన్న పాపం చేసినంత హాయిగా నవ్వుకుంది. తలుపు బయట చలిలో నిలబడి అలిసిపోయిన ఊరు అప్పటికి మళ్ళీ లోపలికి చేరింది. హ్యూయీ బండి వచ్చి బయట ఆగింది. చర్చి కోటుతో, చేతిలో కార్డులేమీ లేకుండా, ఆయన దిగాడు. చెవులదాకా నవ్వుతున్నాడు.

"ఇంతకీ ఫోన్‌లో ఆయనకి ఏం చెప్పావు సేడీ?" అన్నాడు రోరీ.

సేడీ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. పాలసీసా తీసుకుని, హ్యూయీ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతూ, "మీకెందుకు?" అంది.

రోరీ బిత్తరపోయాడు. "బెర్నడెట్, పోలీసుల్ని పిలువు," అన్నాడు. "ఈవిడ సేడీ కాదు!"