రక్తం కాదు, మందే

అక్క మెదడులో నాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డను తీసేశారు. ఆ తర్వాత తీసిన స్కాన్‌లో ఎడమవైపు తెల్లటి మచ్చ కనిపించింది. పుర్రెలో రక్తం కారినా తెల్లగానే కనిపిస్తుంది, నాళాలు తెలియడానికి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు బయటికి ఊరినా తెల్లగానే కనిపిస్తుంది. ఏది ఏదో తేల్చడమే నా పరిశోధన. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ పట్టని ఆ చదువు ఇప్పుడు అందరికీ కావలసివచ్చింది.

బావ ఆసుపత్రిలో నా గది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రక్తం కాదని చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది."

"నేను చెబితే మారిపోతుందా బావా? ముందు చూడనీ!" అని కసిరాను. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది.

రెండు రకాల ఎక్స్‌రేలతో మళ్ళీ స్కాన్ తీయించాను. కాంట్రాస్ట్‌లోని అయోడిన్‌ను కంప్యూటర్ విడదీయగానే మచ్చ మొత్తం దానితోపాటే పోయింది. రక్తం చుక్క కూడా లేదు.

"మందే," అన్నాను.

బావ కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అమ్మకు ఫోన్ చేశాడు. "మొత్తానికి దీని చదువు అక్కరకొచ్చింది," అని అమ్మ అవతలినుంచి అరుస్తోంది. నాకు నవ్వు రాలేదు. నా పరిశోధనలో రెండో సగం వాళ్లెవరికీ తెలియదు. మందు అంత చిక్కగా ఊరిందంటే అక్కడి మెదడు అప్పటికే చచ్చిపోయినట్టు. నేను చూసినవాళ్లలో ఒక్కరికీ ఆ చోటు తిరిగి పనిచేయలేదు. అక్కకు మచ్చ పడింది మాట పలికించే చోట. నోరు విప్పిందంటే ఎదుటివాళ్లకు సందివ్వని మనిషి మా అక్క.

సాయంత్రం, కళ్లు మూసుకుని ఉన్న అక్క మంచం పక్కన బావ హుషారుగా ఉన్నాడు.

"రేపు లేచి నన్ను దులిపేస్తుంది చూడు. ఈ మాసిన చొక్కాతోనా వచ్చావు అంటుంది."

అతని సంబరం నేను భరించలేకపోయాను.

"అనదు బావా."

"అదేంటి? రక్తం కాదన్నావుగా!"

"కాదు. కానీ మందు ఊరినచోటు పోయినట్టే. మాట ఇక రాదు." ఫోన్‌లో స్కాన్ బొమ్మ తెరిచి, వేలితో ఆ చోటు చూపించాను. పాఠం చెప్పినట్టే చెప్పాను.

బావ ఫోన్ పక్కకు నెట్టాడు. "మరి మనం అన్నది అర్థమవుతుందా?"

"అర్థం చేసుకునే భాగానికి ఏమీ కాలేదు. అన్నీ వింటుంది, అన్నీ అర్థమవు..."

ఆగిపోయాను. తల తిప్పి చూశాను. అక్క మెలకువగానే ఉంది. నన్నే చూస్తూ, ఏదో అనడానికి నోరు కదుపుతోంది.