బస్సు వెళ్ళిపోయింది, వెల్డా ఉండిపోయింది

పెట్రోలు బంకు తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి వెల్డాకు తన ఇల్లు కనబడలేదు. ఐదు నిమిషాల క్రితం డీజిలు పంపు పక్కనే ఉన్న ఇల్లు ఇప్పుడు హైవే మీద, మొక్కజొన్న చేల మధ్య, తూర్పుగా పోతోంది. ఆవిడ ఒంటి మీద గళ్ళ నైటీ, కాళ్ళకు ఉన్ని చెప్పులు, జుట్టులో పదకొండు రోలర్లు. ఫోను మంచం పక్కన చార్జింగులో ఉంది, మంచం బస్సులో ఉంది, బస్సు మొగుడు ఆర్లో చేతిలో ఉంది.

పాత స్కూలు బస్సులో సీట్లు పీకేసి, పొయ్యీ మంచమూ పెట్టుకుని మొగుడూ పెళ్ళాలిద్దరూ అందులోనే ముప్పై ఒక్క ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. మే నుంచి అక్టోబరు దాకా నెబ్రాస్కాలోనూ డకోటాల్లోనూ ఏ కౌంటీ జాతర జరిగినా వీళ్ళ డేరా ఉండవలసిందే. వాళ్ళది మనసులు చదివే ఆట. వెల్డా కళ్ళకు గంత కట్టుకుని స్టేజీ మీద కూర్చుంటుంది. ఆర్లో జనంలో తిరుగుతూ ఎవరి జేబులోని వస్తువైనా పట్టుకుని అడిగితే అదేమిటో చెప్పేస్తుంది. అడిగే మాటల్లోనే కిటుకుంది. ఏ మాటతో మొదలుపెడితే ఏ వస్తువో ఇద్దరికీ కంఠతా వచ్చు. అలా జనం మనసులన్నీ చదివే మహానుభావుడికి పెళ్ళాం బండిలో లేదన్న సంగతి మాత్రం అంతుపట్టలేదు.

నిజానికి ఇలాంటిది జరగకుండా వాళ్ళకో కట్టుబాటు ఉంది. బండి తీసే ముందు ఆర్లో వెనక్కి వెళ్ళి బస్సు గోడ మీద రెండుసార్లు తడతాడు. లోపల పడుకున్న వెల్డా రెండుసార్లు తిరిగి తడుతుంది. కోపంలో ఉన్నా తడుతుంది. మరి ఇవాళ తట్టిందెవరు? ఒక్క క్షణంలో ఆవిడకు వెలిగింది. బిస్కట్. పద్నాలుగేళ్ళ ముసలి కుక్క, చెవులు సగమే వినబడతాయి గానీ ఆర్లో తట్టాడంటే చాలు, పడుకున్న చోటి నుంచే తోక ఊపుతుంది. తోకకు అవతల గోడ ఉంది.

"ఏమైందండీ?" అంది బంకులో అమ్మాయి.

"మా ఆయన నన్ను మర్చిపోయాడు."

"పోలీసుల్ని పిలవనా?"

"వద్దులేమ్మా. రెండింటికి జాతరలో ఆయనతో పనుంది."

అమ్మాయి ఫోను ఇచ్చింది. వెల్డాకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే, పోస్టర్ల మీద వేయించిన తన నంబరు. అదే కొట్టింది. చాలాసేపు మోగి ఆగిపోయింది. ఇంతమంది జేబుల్లో ఏముందో చెప్పగలదు గానీ మొగుడి నంబరు చెప్పలేకపోయినందుకు సిగ్గేసింది.

ఇరవై నిమిషాలకు డార్లా తన లారీలో వచ్చింది. పందుల పందాలు ఆడిస్తూ నలభై ఏళ్ళుగా ఊరూరూ తిరుగుతున్న మనిషి, ఇవాళ ఆ జాతరకే పోతోంది. నైటీలో నిలబడ్డ వెల్డాను చూసి కిటికీ దించింది.

"కొత్త వేషమా?"

"నోరు మూసుకుని తలుపు తియ్యి."

దారిలో డార్లా జాతర ఆఫీసుకు ఫోను చేసి, వెల్డా పందులతో వస్తోందని ఆర్లోకు చెప్పమంది. ఆ తర్వాత తీరిగ్గా పడీపడీ నవ్వింది. వెల్డా నవ్వలేదు. వెనక ఏడు పందులు గుర్రుగుర్రుమంటుంటే, ఎవరికీ చెప్పనిది డార్లాకు చెప్పేసింది. యాంక్టన్ ఊళ్ళో చెల్లెలి ఇంట్లో కింది వాటా ఖాళీ అయింది. వచ్చి ఉంటారా అని జూన్‌లోనే ఉత్తరం రాసింది. ఆదివారంలోపు ఏదో ఒకటి చెప్పాలి, లేకపోతే అద్దెకు ఇచ్చేస్తుంది.

"నువ్వేమంటావు?"

"అలిసిపోయానే. రోజూ ఒకే కిటికీలోంచి ఒకే చెట్టును చూడాలనుంది."

"మరి ఆర్లోతో చెప్పు."

"రోడ్డు లేకపోతే ఆయనకు ఊపిరాడదు. చెప్పి, కాదనిపించుకుంటే ఆ తర్వాత ఎలా ఉండాలో తెలీదు. అయినా మేమసలు ఎప్పుడు మాట్లాడుకుంటాం?"

అది నిజమే. ఆట మాటలు ఇంట్లో వాడితే అరిగిపోయి స్టేజీ మీద తడబాటు వస్తుందని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నారు. వస్తువులు పెరిగేకొద్దీ మాటలూ పెరిగాయి. 'దయచేసి' పోయింది, 'ఆలోచించు' పోయింది, 'నీకేమనిపిస్తోంది' దువ్వెనకు పోయింది. చివరికి ఇంట్లో వాడుకోవడానికి ఉప్పూ పప్పూ మాటలే మిగిలాయి.

"నలభై ఏళ్ళు పందులతో ఇంతకంటే ఎక్కువ మాట్లాడాను," అంది డార్లా.

మధ్యలో పందులకు నీళ్ళు పట్టడంతో జాతరకు చేరేసరికి రెండుంపావు అయింది. డేరాలోంచి నవ్వులు వినబడుతున్నాయి. వెల్డా వెనకనుంచి దూరి చూసింది. స్టేజీ మీద తన కుర్చీలో, తన ఎర్ర గంత కట్టుకుని బిస్కట్ కూర్చుని ఉంది. ఆర్లో ఒక రైతు టోపీ ఎత్తి పట్టుకుని, "ఇదేమిటి స్వామీ?" అంటే బిస్కట్ ఆవులించింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

వెల్డాకు చురుక్కుమంది. మానేద్దామనుకున్నది తనే. తన కుర్చీలో కుక్క కూర్చుంటే ఇంత బాగా నడుస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆర్లో టోపీ తిరిగి ఇచ్చి, తలెత్తి, ఆవిడను చూశాడు. బిస్కట్‌కు వాసన తగిలినట్టుంది, గంతతోనే కుర్చీ దిగి, జనం కాళ్ళ మధ్య తడుముకుంటూ తిన్నగా వచ్చి వెల్డా ఉన్ని చెప్పుల మీద పడుకుంది. డేరా అంతా లేచి చప్పట్లు కొట్టింది.

"నూట ఇరవై మైళ్ళూ నీతో మాట్లాడుతూనే వచ్చాను," అన్నాడు ఆర్లో. మైకులో వినబడింది. జనం నవ్వారు.

"ఏం మాట్లాడావు?"

"అంతా. నువ్వు పలకలేదు. ఫోను మోగినా తియ్యలేదు. అంత కోపమా అనుకున్నాను."

"ఇప్పుడు చెప్పు."

ఆర్లో మైకు ఆపెయ్యబోయాడు. ముందు వరుసలో ఒక ముసలామె, "ఉంచు బాబూ, మేమూ డబ్బులిచ్చే వచ్చాం," అంది.

"మీ చెల్లెలి ఉత్తరం చూశాను," అన్నాడు ఆర్లో నెమ్మదిగా. "జూన్‌లోనే. నువ్వు అడుగుతావేమోనని ప్రతి రోజూ ఏదో ఒక పని పెట్టుకున్నాను. ఇక్కడికొచ్చి మంచం ముందు కర్టెన్ తీస్తే కుక్క ఉంది. యాంక్టన్ వెళ్ళిపోయావనుకున్నాను."

"నైటీతోనా?"

"ఆ టైములో నైటీ సంగతి తట్టలేదు. పందుల కబురు వచ్చేదాకా బస్సు మెట్టు మీదే కూర్చున్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెల్డాకు భయం వేసింది గానీ ఆగలేదు. "నేను అలిసిపోయాను ఆర్లో. ఒకచోట ఉండాలనుంది. నువ్వు లేకుండా కాదు."

ఆర్లో మైకు దగ్గరగా పట్టుకున్నాడు.

"నాకు ఉండాలని లేదు," అన్నాడు. "అక్కడ ఏం చెయ్యాలో కూడా తెలీదు. కానీ ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడు రోడ్డు గుర్తు రాలేదు. అక్టోబరు దాకా ఒప్పుకున్న ఊళ్ళున్నాయి. అవి అయ్యాక పోదాం. మీ చెల్లెలికి ఇవాళే చెప్పు."

వెల్డా ఉన్ని చెప్పులతో, రోలర్లతో జనం మధ్యనుంచి నడిచి స్టేజీ ఎక్కింది. బిస్కట్ దగ్గర లాక్కున్న గంతను తానే కట్టుకుని కుర్చీలో కూర్చుంది. "ఇక కానివ్వు," అంది.

ఆర్లో ముందు వరుసలో ఒకాయన జేబులోంచి గొలుసు గడియారం తీసి ఎత్తి పట్టుకున్నాడు. గడియారానికి ఏ మాటతో మొదలుపెట్టాలో ఆ మాటతోనే అడిగాడు. వెల్డాకు ఆయన గొంతు వినబడింది గానీ మాట వినబడలేదు. గంత అప్పటికే తడిసిపోయింది.

"దువ్వెన," అంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదటి తప్పు. "గడియారమండీ," అన్నాడు వస్తువు గలాయన. జనం గొల్లుమన్నారు.

ఆర్లో గడియారాన్ని ఆయన జేబులో పెట్టేశాడు. "మీకు తెలీదు," అన్నాడు. "కరెక్టుగానే చెప్పింది."