మనుషులుండని బేస్‌మెంటు

నోరీన్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె మంచం రెండు ముక్కలై బేస్‌మెంటు మెట్ల పక్కన గోడకు ఆనించి ఉంది. ఇంటాయన గోర్డ్ మోకాళ్ల మీద కూర్చుని చివరి బోల్టు విప్పుతున్నాడు.

"రెండింటికి ఇన్‌స్పెక్టరు వస్తుంది, చెప్పానుగా," అన్నాడు తలెత్తకుండా. "పరుపు గ్యారేజీలో పడెయ్. పొయ్యి సంగతి నేను చూస్తా. నువ్వో మూడు గంటలు అలా తిరిగి రా."

తెల్లవారుజామున నాలుగున్నర నుంచీ వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు ఉతికి వచ్చిన మనిషి. గంటకు పంతొమ్మిది డాలర్లు. యాభై నాలుగేళ్ల నడుం. తిరిగి రావాలట! నోరీన్‌కి ఒళ్లు మండిపోయింది.

ఆ వీధిలో ఇది కొత్తేమీ కాదు. మునిసిపాలిటీ వాళ్లు వస్తున్నారంటే చాలు, అనుమతి లేని బేస్‌మెంట్లలో అద్దెకున్నవాళ్లంతా మంచాలూ పొయ్యిలూ గ్యారేజీల్లోకి మోస్తారు. వాళ్లు పోయాక మళ్లీ దింపుకుంటారు. నోరెత్తితే గది పోతుంది కనుక ఎవరూ ఎత్తరు. ఆరేళ్లలో నోరీన్ కూడా రెండుసార్లు మోసింది.

ఈసారి తనిఖీ రాయితీ కోసం. జూన్ వానకు వీధి మురుగంతా నేలలోని తూములోంచి ఇళ్లలోకి వెనక్కి తన్నింది. అలా తన్నకుండా పైపుకు వాల్వు, గుంటలో పంపు పెట్టించుకుంటే ఖర్చులో ఎనభై శాతం, మూడువేల నాలుగువందల డాలర్ల దాకా, మునిసిపాలిటీ తిరిగిస్తుంది. గోర్డ్ రెండూ పెట్టించాడు. ఫారంలో ఒక ప్రశ్న ఉంది: బేస్‌మెంట్లో ఎవరైనా పడుకుంటారా? 'లేదు' అని రాశాడు. ఉన్నారంటే, మనిషి దూరి బయటపడేంత కిటికీ పెట్టించాలి. గోడ కోయాలి. దానికి రాయితీ లేదు మరి!

ఆ జూన్ మధ్యాహ్నం నోరీన్ నిద్రలో ఉంది. లేచేసరికి మురుగు మంచం తాకుతోంది. చూస్తుండగానే నడుం దాకా వచ్చింది. లోపలికి తెరుచుకునే తలుపు నీటి బరువుకు కదల్లేదు. ఉన్న కిటికీలోంచి పిల్లి దూరడమే కష్టం. బట్టలారబెట్టే డ్రయ్యరు మీదికెక్కి నలభై నిమిషాలు అరిచింది. పైన గోర్డ్ టీవీ మోగుతూనే ఉంది. చివరికి నీళ్లు తగ్గాకే తలుపు తెరుచుకుంది.

"కిటికీ సంగతేం చేశావు గోర్డ్?"

"మళ్లీ మొదలెట్టావా? వాల్వు పెట్టించానుగా, ఇక చుక్క రాదు."

"జూన్‌కి ముందూ చుక్క రాదనే అన్నావు."

"ఇదిగో, వచ్చే నెల నుంచి అద్దె పన్నెండు వందల యాభైకి పెంచుతున్నా. పొడిగా ఉన్న గది ఊరికే వస్తుందా? నచ్చకపోతే వెళ్లు. నీకు ఎవడిస్తాడో చూస్తా."

ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే పరుపు భుజానికెత్తుకుంది. రెండు మెట్లెక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగి, డ్రయ్యరు వైపు చూసి, వెనక్కి దిగి, గది మధ్యలో దబ్బున పడేసి, బూట్లతోనే దాని మీద కూర్చుంది.

"పిచ్చిగానీ పట్టిందా నీకు?" అని గోర్డ్ పరుపు అంచు పట్టుకు లాగాడు. అంతలో బెల్లు మోగింది.

ఇన్‌స్పెక్టరు పాతికేళ్ల పిల్ల. టార్చి వేసి వాల్వు చూసింది, గుంటలో బకెట్టు నీళ్లు పోయించింది. పంపు గురగురమని తోడేసింది. "బాగుంది," అంది. అప్పుడు టార్చి పరుపు మీద పడింది.

"ఈవిడ?"

"బట్టలు ఉతికే మనిషండీ," గోర్డ్ పళ్లికిలించాడు. "అలిసిపోయి కాసేపు చతికిలబడింది."

"నేనిక్కడే ఉంటాను," అంది నోరీన్.

"నోర్ముయ్!"

ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించింది. "చూడండి మేడమ్, అది నేను రాస్తే వారంలో ఈ గదికి సీలేస్తారు. ఆయనకు పోయేది రాయితీ. మీకు పోయేది గూడు. నాకు వినపడలేదనుకోమంటారా?"

నోరీన్ పరుపు అంచు బిగించి పట్టుకుంది. భయం వేయకపోలేదు, చాలా వేసింది.

"వినపడింది కదా, రాయండి. ఆరేళ్లుగా ఉంటున్నాను. ఆ డ్రయ్యరెక్కి నలభై నిమిషాలు అరిచాను. అదీ రాయండి. పేరు కావాలా? నోరీన్ టాల్‌బట్."

ఇన్‌స్పెక్టరు కలం ఫారం మీద ఆగిపోయి ఉంది. నోరీన్ పరుపు మీంచి లేవలేదు.