గాజుల సమ్మతి

మోగినవి నా గాజులే, కానీ మోగించింది నేనేనా? చింతపండు పిసుకుతుంటే మళ్లీ అదే ఆలోచన. పెళ్లయిన తొలి ఏడు, తెలకపల్లిలో మా అమ్మ నాకిచ్చిన బావిపొలాన్ని కౌలుకు ఇస్తున్న రోజు అది. ఈ పటేలింట్లో ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ముందుకు రారు. తలుపు వెనక నిలబడతారు. అడిగినదానికి సరేనంటే గాజులు కదిలిస్తారు. వసారాలోంచి, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి కృష్ణయ్య అడిగాడు: "అమ్మా, ఇగ నీ పొలానికి నీ పెనిమిటి దశరథం పటేలు ముఖ్తారు. నీ తరఫున ఆయన ఏది చేసినా నువ్వు చేసినట్టే. సమ్మతమేనా?" నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. అత్తమ్మ నా మణికట్టు పట్టి గలగలా ఊపింది. "ఏంది పిల్లా, గంతసేపా? మొగోళ్లు ఎదురుచూస్తుండ్రు."

మరుసటి ఏడు ఆమె పట్టుకోనక్కర లేకపోయింది. నేనే ఊపాను. ఎందుకు ఊపానో ఎంత తవ్వి చూసుకున్నా దొరకదు. భయం కాదు. అడిగినప్పుడు లోపల ఒక మనిషి లేచి జవాబు చెప్పాలి కదా, నాలో ఆ మనిషి లేవలేదు. చేయి మాత్రం లేచింది. యుద్ధం రోజుల్లో సర్కారుకు లెవీ గింజలు కొలిచేనాటికి అడగటం కూడా మానేశారు. ఆయన కౌలుదారును మార్చాడు, గట్లు చెరిపించాడు. ప్రతిదీ జరిగాకే తెలిసేది. తెలిశాక నేను అన్నం వడ్డించేదాన్ని. ఆ వడ్డించటమూ ఒప్పుకోలే అయింది.

ఒక్కసారి అడిగాను. "నా పొలం మీద పెత్తనం నేనెప్పుడిచ్చిన?"

ఆయన నవ్వాడు. "ఇయ్యనని ఎప్పుడన్న అన్నవా? ఊరంత చూసింది. ఇప్పుడు తెల్వదంటే నడుస్తదా? జర పులుసుల ఉప్పు చూడు, పో."

ఉప్పు చూశాను. సరిపోయింది.

ఇవాళ ఆ పొలాన్నే అమ్ముతున్నాడు. కొనే ఆసామి వచ్చి వసారాలో కూర్చున్నాడు. పొలం ఇస్తూ అమ్మ చెప్పిన మాట ఒక్కటే: "రేపు నిన్ను ఎవ్వలన్న ఎల్లగొడితే బావికాడ గుడిసె ఏసుకో బిడ్డా." వెళ్లగొట్టిన రోజు వెళ్లడానికి నాకు ఇంకో చోటు లేదు.

చేతులు కడుక్కోకుండానే తలుపు వెనక్కి వచ్చాను. గాజులు మోచేతి దాకా ఎగదోసి, కొంగు చుట్టి బిగించాను. ఇక మోగవు.

"అమ్మా, అమ్మకానికి సమ్మతమేనా?" కృష్ణయ్య గొంతు.

కొంగు చుట్టిన చేతిని రెండో చేత్తో అదిమి పట్టాను.

"సప్పుడు లేదేంది పటేలా?"

"కాదంటే చెప్పదా పంతులూ? ఊకున్నదంటే ఒప్పుకున్నట్టే. రాయి నువ్వు."

ఎవరో నవ్వారు. కలం గీరుకుంటున్న చప్పుడు మొదలైంది. తలుపు వెనక చీకట్లో, పక్కనున్న అత్తమ్మ చేయి నా చేతి కోసం తడుముతోంది.

మోగితే ఔను. మోగకపోయినా ఔను. నా చప్పుడూ ఆయనదే, నా మౌనమూ ఆయనదే. పొలం నిలుస్తుందన్న ఆశ లేదు. బయట ఉన్నవాళ్లలో నా మాట వినేవాడు ఒక్కడూ లేడు. నోరు తెరిస్తే వచ్చే గొంతు నాదవుతుందన్న నమ్మకమూ లేదు.

తలుపు రెక్క లాగాను. వెలుతురు కళ్లలో పొడిచింది. గడప దాటి, చింతపండు అంటిన చేత్తో, రాస్తున్న కృష్ణయ్య మణికట్టు పట్టుకున్నాను.