నీళ్ల తూకం

పెళ్లయిన అయిదో నెలలో, ఒక మధ్యాహ్నం, అంకిత తన భర్త స్వభావం గురించి పన్నెండు ప్రశ్నలకు జవాబులు నింపింది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన శ్రావణ్‌కుమార్ పక్కనే చాప మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. లేపి అడగాలని ఆమెకు తోచలేదు. కట్టుకున్నవాడి గురించి ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా అనుకుంది.

బరువు తగ్గించే ఆ ఆన్‌లైన్ ప్రోగ్రాం వాళ్లు చెప్పేది ఒకటే. అందరికీ ఒకే తిండి పట్టిక పనికిరాదు, మీ స్వభావానికి తగిన ప్లాన్ ఎంచుకోండి. నలుగురితో కలిస్తే తప్ప కదలనివారికి ఒకటి, ఒంటరిగా చేసుకునేవారికి ఒకటి, అంకెలు చూస్తేనే హుషారు పుట్టేవారికి మరొకటి. శ్రావణ్ గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గోదాములో పనిచేస్తాడు. డ్యూటీ ఏ పూటైనా డ్రమ్ములు తూచడం, చీటీలు అంటించడం. అంకిత తడుముకోకుండా అంకెల ప్లాన్ మీద వేలు నొక్కింది. తొమ్మిదో ప్రశ్న, ఎదుటివారు నొచ్చుకుంటారని నిజం దాస్తారా అన్నది. నిద్రలో నోరు తెరుచుకుని ఉన్న ఆ ముఖాన్ని చూసి నవ్వుకుని, 'దాయరు' అని పెట్టింది.

సరదాకు మొదలుపెట్టిన పని కాదది. మామ అంజయ్యను ఆమె గోడ మీది ఫొటోలోనే చూసింది. నలభై ఆరేళ్లకే గుండె ఆగిపోయిందట. పెళ్లి తర్వాత చుట్టాలందరి ఇళ్లలో దావత్‌లు తినీ తినీ శ్రావణ్ ఎనభై నాలుగు కిలోలకు వచ్చాడు. ఫొటోలోని పొట్టే ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది ఆమెకు.

మొదట్లో ఎంత సంబరమో. పటాన్‌చెరులో కొర్రలు, జొన్నపిండి, మూడు గిన్నెల స్టీలు డబ్బా, పుస్తకాల దుకాణంలో బంగారు రంగు నక్షత్రాల స్టిక్కర్లు కొనుక్కొచ్చింది. ఇంద్రేశంలో కిరాయికి తీసుకున్న రెండు గదులలో ఫ్రిజ్ తలుపు, నీళ్లకూ తిండికీ నక్షత్రాలకూ గడులు గీసిన ఆ ప్లాన్ పట్టికకే అంకితమైపోయింది. ఇంట్లో తూకం యంత్రం లేదు. గోదాములోని పెద్ద కాటా మీద నిలబడి, అది కొట్టే చీటీ తెస్తానన్నాడు శ్రావణ్. డ్రమ్ములకు ఇచ్చే చీటీయే, అసలు బరువు అని అచ్చుపడి ఉంటుంది. శనివారం సాయంత్రం డ్యూటీ దిగే వేళకు ఆమె ఇంటి గేటు దగ్గరే నిలబడేది.

ఎనభై మూడు పాయింట్ ఒకటి. ఎనభై రెండున్నర. వారం తప్పకుండా అంకె దిగుతూ వచ్చింది. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలని ప్లాన్‌లో ఉంటే శ్రావణ్ ఆరు తాగేవాడు. ఆ రోజులకు రెండేసి నక్షత్రాలు. పెళ్లి ఉంగరం జారిపోతుంటే దానికి పసుపు దారం చుట్టి, ఆ వేలిని ముద్దు పెట్టుకుంది.

ఒక ఆదివారం ఊరి నుంచి వచ్చిన అత్త ఇందిరమ్మ కొడుకును పక్కకు తిప్పి చూసింది.

"పోరని మెడ కాడ బొక్కలు తేలినయ్ బిడ్డా. జెర అన్నం పెట్టు."

అంకిత చీటీలన్నీ వరసగా చూపించింది. ఇందిరమ్మకు చదువు రాదు. అంత అచ్చు చూసి, చీటీలు జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది.

పదో వారం శ్రావణ్‌తో పనిచేసే దశరథ్ చాయ్ తాగడానికి వచ్చాడు. ఫ్రిజ్ తలుపు చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"వదినా, నీ జొన్నరొట్టె తిని నేనే మూడు కిలోలు తగ్గిన. అన్న డబ్బా నాకిచ్చి క్యాంటీన్ల మూడు పళ్లాలు లాగుతడు."

అంకిత మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. దాచడం చేతకాని మనిషి కాబట్టి దశరథ్ అంతా చెప్పేశాడు. శ్రావణ్ ఒక్కనాడూ కాటా ఎక్కలేదు. ఒక నీలం డ్రమ్ములో నీళ్లు పోసి ఎనభై నాలుగు కిలోలకు సరిచేసి, వారం వారం చెంబెడు నీళ్లు తీసేసి చీటీ కొట్టించేవాడు. చెప్పడం అయ్యాక చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయాడు.

లోపలి గదిలోంచి అంతా విన్న శ్రావణ్ గుమ్మం దగ్గర నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు.

"మొదటి వారమే డబ్బా తినబుద్ధి కాలే," అన్నాడు. "నువ్వేమో చీటీ కోసం గేటు కాడ నిలబడితివి. ఆ మొకం చూసినంక ఎట్ల చెప్పుదు?"

ఆమె చెప్పులేసుకుంది. బండి తియ్యమంది. జారిపోయిన ఉంగరం కూడా ఆ కోపంలో గుర్తుకు రాలేదు, పటాన్‌చెరు దాకా ఒక్క మాటే లోపల సిద్ధం చేసుకుంది. యంత్రం మీద ఎనభై అయిదో ఆరో రాగానే, మీ నాయన ఫొటో పక్కన నీ ఫొటోకు మేకు కొట్టి పెట్టనా బావా, అని అడగాలి. అది ఎంత కటువైన మాటో తెలిసే ఎంచుకుంది.

మందుల షాపు త్రినాథరావుది. ముప్పై ఏళ్ల కిందట కాకినాడ వైపు నుంచి వచ్చినా ఆయన మాట తీరు మారలేదు. షాపు ముందున్న యంత్రం మీదికి శ్రావణ్ తలవంచుకుని ఎక్కాడు.

అరవై ఎనిమిది.

నిన్నటి చీటీలో డెబ్భై ఆరున్నర ఉంది. ఆమె సిద్ధం చేసుకున్న మాట మరిచిపోయింది. యంత్రం చెడిపోయి ఉంటుందని తనూ ఎక్కి చూసింది. తన బరువు సరిగ్గానే చూపింది.

"ప్యాంట్లు వదులైతుంటే సంబురపడ్డ," అన్నాడు శ్రావణ్, ఆమె వైపు చూడకుండా. "అబద్ధం దానంతటదే నిజమైతుంది, ఇగ నీకు చెప్పే పని లేదనుకున్న."

త్రినాథరావు కళ్లజోడు పైకి జరుపుకుని అతన్ని పరకాయించి చూశాడు. "బాబూ, దాహం బాగా వేస్తోందా?"

"రోజుకు ఆరు లీటర్లు తాగుతడు," అంకితే చెప్పింది. నిన్నటిదాకా గొప్పగా చెప్పుకున్న అంకె అది.

ఆయన శ్రావణ్ వేలి నుంచి రక్తపు చుక్క తీసి చిన్న మీటరులో పెట్టాడు. చూసి, మరో వేలి నుంచి తీసి మళ్లీ చూశాడు.

"ఇంటికెళ్లకండమ్మా. ఇటునుంచి ఇటే సంగారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. బండి అతను నడపకూడదు, ఆటో మాట్లాడుకోండి."

ఆసుపత్రిలో వెంటనే మంచం ఇచ్చి రెండు చేతులకూ సూదులు పెట్టారు. షుగర్ ఎప్పుడో హద్దు దాటిందనీ, తిన్నది ఒంటికి పట్టక శరీరం తన కండను తానే కరిగించుకుంటోందనీ డాక్టరమ్మ చెప్పింది. రక్తంలో ఆమ్లం కూడా పేరుకోవడం మొదలైందట. ఇంకా ముందు తీసుకురావలసింది, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను, అంది.

ఇంకా ముందు అంటే ఎప్పుడో అంకితకు తెలుసు. ఒక్కో రోజుకు రెండేసి నక్షత్రాలు అంటించినప్పుడు. దారం చుట్టినప్పుడు. అత్త మెడ ఎముకలు చూపించినప్పుడు.

నర్సు ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఎన్ని నీళ్లు తాగాడో, ఎంత మూత్రం పోశాడో గంట గంటకూ రాయమంది. అంకిత మంచం అంచు మీద అట్ట పెట్టుకుని గీతలు గీసింది. శ్రావణ్ నాలుక పిడచగట్టి నీళ్లు అడిగాడు. నర్సు చెప్పినట్టు కొలిచి వంద మిల్లీలీటర్లే పట్టించింది.

"కోపమొచ్చిందా?" అన్నాడు, కళ్లు మూసుకునే.

లేదు బావా, అంది. అది నిజం కాదని అతనికి తెలిసే ఉంటుంది. ఆమె గడిలో వంద అని రాసింది. అప్పుడు చూసుకుంది, అలవాటుకొద్దీ పక్కన నక్షత్రాల కోసం ఒక గడి గీసి పెట్టింది. కలం ఒత్తిపట్టి, పై నుంచి కింది దాకా దాన్ని కొట్టేసింది.