కట్టించిన రాఖీ

రాఖీ పున్నమికి ముందు రోజు కరీంనగర్ శివారులోని ఐదంతస్తుల మేడలో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ఒక ఆడపిల్ల చేత, ఆమె మీద చేయి వేసినవాడికే రాఖీ కట్టించారు. కట్టిన పిల్ల నవత. కట్టించుకున్నవాడు సుధాకర్. నవత దారం చుట్టి, ముడి వేయకుండానే వదిలేసింది. సుధాకర్ నవ్వుతూ రెండో చేత్తో, పళ్లతో తానే ముడి బిగించుకున్నాడు.

"ఇగ మీరు అన్నాచెల్లెండ్లు. కథ ఖతం. లడ్డూలు తినుండ్రి," అని మేనేజర్ నరేశ్ చప్పట్లు కొట్టాడు. ఫోటోలు తీశారు.

పక్కన హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డది మమతారాణి. ఆ నవ్వు చూసి ఆమె పళ్లెం పక్కన పెట్టేసింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఈ రాఖీ ఆలోచన ఆమెదే.

ఆ కంపెనీలో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ ఒక సీనియర్ మగాడి చేతికి అప్పగిస్తారు. పని నేర్పేది అతనే, తప్పులు దిద్దేది అతనే, ఆర్నెల్ల తర్వాత ఉద్యోగం ఖాయం చేయమని సంతకం పెట్టేదీ అతనే. దానికి 'తోబుట్టువు పథకం' అని ముద్దుపేరు. సార్ అనకూడదు, అన్నా అనాలి. కుటుంబమట! అన్న సంతకం పెడితేనే చెల్లెకు కూడు దొరికే కుటుంబం ఎక్కడుందో నరేశ్‌నే అడగాలి. మరి ఆడవాళ్లలో సీనియర్లు లేరా? ఉన్నారు. మమతారాణి చేరిన నాటికి ఈ సుధాకర్‌కు కంప్యూటర్ తెరవడమే గొప్ప. అయినా ఆమె చేతికి ఒక్క పిల్లనూ ఇవ్వలేదు. "ఆడోళ్లు పొద్దుగూకంగనె ఇంటికి ఉరుకుతరు, ఏం నేర్పుతరు?" అంటాడు నరేశ్. మెట్ల దగ్గరి గోడ మీద మాత్రం 'మహిళలకు మా తోడు' అని రాసి ఆమె నవ్వు ముఖాన్నే వేసుకున్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులు!

నవతది నస్పూర్. బాపు సిద్దిరాములు బొగ్గుబావిలో ఊపిరితిత్తులు పాడై ఇంట్లో కూర్చున్నాడు. ఆ ఇంటికి ఇప్పుడు జీతం తెచ్చే మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఉద్యోగం ఖాయమైతేనే బతుకు. ఆ సంగతి సుధాకర్‌కు బాగా తెలుసు. డౌటు అడిగితే భుజం మీద చేయి వేశాడు. కార్లో కూర్చుంటే నింపాదిగా చెప్తానన్నాడు. ఆమె రానన్నది. మర్నాటి నుంచి ఆమె రాసిన ప్రతి కోడు ముక్కనూ పదిమందిలో తిప్పికొట్టాడు. "బాయిల తట్ట మోసేటోళ్లకు కోడెట్లొస్తదే?" అని నవ్వాడు.

నవత వచ్చి మమతారాణి దగ్గర ఏడ్చింది. మమతారాణిది సిరిసిల్ల, మరమగ్గాల వాడ. వాళ్ల వాడలో ఆడపిల్లల వెంటపడే పోరగాడొకడు ఉండేవాడు. పెద్దమనుషులు కూర్చుని, వాడు వెంటపడ్డ పిల్లతోనే వాడికి రాఖీ కట్టించారు. ఆ తర్వాత వాడు ఆ వాడలో తలెత్తి నడవలేదు. అదే మందు ఇక్కడా పనిచేస్తుందనుకుంది మమతారాణి. నరేశ్‌కు చెప్పింది. నరేశ్ ఎగిరి గంతేశాడు. ఫిర్యాదు లేదు, విచారణ లేదు, పైగా పండుగ ఫోటో!

వారం తిరగలేదు. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డ నవత ముందు సుధాకర్ కారు ఆపాడు. చేతికి ఆ రాఖీ అట్లాగే ఉంది.

"చెల్లెవైతివి గదనే. ఇగ నా కారెక్కితె ఎవలేమంటరు?"

నవత నరేశ్ దగ్గరికి ఉరికింది. అతను తల కూడా ఎత్తలేదు. "అన్న దింపుతనంటె తప్పేంది? కట్టింది నువ్వే గద. ఊకె పరేషాన్ జెయ్యకు."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లంతా వెనుక మెట్ల మీద టిఫిన్ డబ్బాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల విశ్రాంతి గదిని పాత కంప్యూటర్ల సామానుతో నింపారు మరి. డబ్బాలు ఎవరూ తెరవలేదు. లైబా లేచింది. టెస్టింగ్‌లో పనిచేసే పిల్ల, వాళ్ల నాన్నకు ఊళ్లో గాజుల దుకాణం.

"అక్కా, కోపం జెయ్యకు. నువ్వు కట్టించింది రాఖీ గాదు, లైసెన్సు. వాడు దాన్ని జూపెట్టుకుంట తిరుగుతుండు."

మమతారాణి తల వంచుకుంది. ఆ మాట నిజం. సిరిసిల్లలో ఆ పోరగాణ్ని ఆపింది దారం కాదు. ప్రతి గడపలోంచి వాణ్ని చూస్తూ ఉన్న ఆడవాళ్లు. ఇక్కడ ఆ వాడ ఏది? ఎవరి తెర ముందు వాళ్లు కూర్చుని, ఎవరి ఏడుపు వాళ్లు ఏడుస్తున్నారు.

"తప్పు నాదే," అన్నది. "ఒక్క పోరిని వానికి అప్పజెప్పి మనం లడ్డూలు తిన్నం. థూ, మన బతుకులు!"

"ఆడోళ్ల గోడు వినే కమిటీ ఉన్నది గద అక్కా, ఫిర్యాదు రాద్దం," అన్నారెవరో.

"ఆ కమిటీ పెద్ద ఎవలు? నరేశ్ సార్ భార్య. ఒక్కనాడన్న ఆఫీసుల ఆమె మొఖం జూసినవా?" అని లైబా కస్సుమంది. "ఎలుకకు పిల్లి సాక్ష్యం!"

చెన్నూరు పిల్ల ఒకామె భయం భయంగా అన్నది: "మా ఇంట్ల దెల్సిందంటె రేపటిసంది కొలువు బంద్ జేపిస్తరు. నన్ను ఇడ్శిపెట్టుండ్రి."

"ఇడ్శిపెడ్తం. ఆనక వాడు నీ మీద చెయ్యేస్తె?" అని లైబా అడిగింది.

ఆ పిల్ల డబ్బా మూత సర్దుకుంది. లేచి మాత్రం పోలేదు.

వాదన చాలాసేపు నడిచింది. చివరికి మమతారాణి తేల్చి చెప్పింది. "రేపటిసంది మనకు ఏ అన్నా వద్దు. కొత్త పోరిలకు మనమే నేర్పుదం. ఉద్యోగం సంతకం ఒక్క మగాని చేతుల ఉండద్దు. కమిటీల మనం ఎన్నుకున్నోళ్లుండాలె. సుధాకర్ మీద విచారణ జెయ్యాలె. ఇనకపోతె ఈ మెట్ల మీదనె కూసుంటం."

మెట్లు ఊడుస్తున్న కమలవ్వ చీపురు గోడకానించి వాళ్ల పక్కన కూలబడింది. "నాకు కోడు రాదు గని, కూసునుడొస్తది బిడ్డా," అన్నది. అందరూ నవ్వారు. ఆ రోజు వాళ్లు నవ్వింది అప్పుడే.

ఆ మాటలన్నీ పక్కన పడేసి, ఉపాధ్యాయ దినోత్సవం నాడు కంపెనీ ఈ 'అన్న'లకు సన్మానం పెట్టింది. విదేశీ క్లయింట్లు వచ్చారు. వెనుక తెర మీద రాఖీ ఫోటో ఇంత పెద్దది. చెల్లెళ్లే శాలువాలు కప్పాలని నరేశ్ హుకుం. నవత పేరు పిలిచారు.

నవత వేదిక ఎక్కింది. శాలువా బల్ల మీద పెట్టి, మైకు తీసుకుంది.

"నా రాఖీ నాకియ్యి," అన్నది.

కట్టిన రాఖీని తిరిగి అడిగిన ఆడపిల్లను ఆ గడ్డ మీద ఎవరూ చూడలేదు. సుధాకర్ గభాలున మణికట్టు మూసుకుని, "నేనేం జేసిన?" అన్నాడు. ఇంకా ఎవరూ ఏమీ అననే లేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు.

"ఇయ్యి!" అని మమతారాణి లేచింది. వెనుక లైబా. ఆమె వెనుక చెన్నూరు పిల్ల. తర్వాత ఎవరు ఎవరి తర్వాత లేచారో తెలియలేదు. "ఆమె రాఖీ ఆమెకియ్యి!" అని హాలంతా ఒక్క గొంతయింది. వాళ్లేమంటున్నారని విదేశీయులు అడిగితే లైబా ఇంగ్లీషులో విడమరచి చెప్పింది. సుధాకర్ దారం తెంపి బల్ల మీద విసిరి, పక్క తలుపులోంచి జారుకున్నాడు.

గంటలో మమతారాణి ఉద్యోగం ఊడింది. ఆడవాళ్లు మెట్ల మీద బైఠాయించారు. ఎస్సై వచ్చాడు. వేధించినవాణ్ని వదిలేసి, గొడవ చేయించిందని మమతారాణిని జీపెక్కించాడు. ఛీ, ఇదీ న్యాయం!

జీపులోంచి చూస్తోంది మమతారాణి. నరేశ్ నవత దగ్గరికి వెళ్లాడు. గొంతులో తేనె ఒలకబోశాడు.

"ఏదో పొరపాటైందని చెప్పు బిడ్డా. నీ కొలువు ఇయ్యాల్నె పర్మినెంట్ జేస్త. మీ బాపు గురించి జర సోంచాయించు."

ఆ పిల్లకు ఎక్కడ నొప్పో అక్కడే పట్టుకున్నాడు వాడు. నవత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా బాపు గురించి సోంచాయించే గీడ నిలబడ్డ," అన్నది. "నీ పొరపాటు నువ్వే మింగు."

గొడవ విని పై అంతస్తుల్లోని వేరే కంపెనీల ఆడవాళ్లు మెట్ల దాకా దిగి వచ్చారు. మాకెందుకులే అన్నట్టు కొందరు, బిత్తరపోయి కొందరు. నవత వాళ్ల వైపు తిరిగింది.

"అక్కా, మీ అంతస్తుల గసొంటి అన్న ఎవలు?"

పోలీసులు కర్రలు ఊపుతూ దారి ఇవ్వమంటున్నారు. అప్పుడు నాలుగో అంతస్తు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, అక్కడెవరికీ పేరైనా తెలియని పిల్ల, తన ఆఫీసులోని ఒక మగాడి పేరు చెప్పింది. చెప్పి, వచ్చి జీపు ముందు కూర్చుంది. ఆమె వెనుక మరొకామె ఇంకో పేరు చెప్పింది. జీపు కదలలేదు. మెట్ల మీదినుంచి పేర్లు వస్తూనే ఉన్నాయి.